ఓదెమ్మ పేరు మీద

పోయిన వారం ఉమారాణిని జనగామలో, ఆ రేకుల గదిలో, తలుపు గడియ మీద చేయి వేసి నిలబెట్టి మన దారిన మనం పోయాం. ఆమె మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రదీప్ పనిచేసే పత్తి మిల్లు గేటు దగ్గరికి ఎవరో ఇద్దరు బండి మీద వచ్చి, అతని ఫోటో చూపించి, ఈ పిలగాడు ఇక్కడ పనిచేస్తున్నాడా అని అడిగి వెళ్లారన్న కబురు విన్నప్పటి నుంచి ఆమె కంటి మీద కునుకు లేదు. గేటు కాపలా బక్కయ్య మంచివాడు కాబట్టి తెలియదన్నాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అడిగితే ఏమంటాడో చెప్పలేం.

ఈ వారమే కథలోకి వచ్చిన వారికి ఇంత తెలిస్తే చాలు. రేగొండ పెద్దులు బిడ్డ ఉమారాణి. భూపాలపల్లి యోహాను కొడుకు ప్రదీప్. కులం ఒకటి కాదు, మొక్కే దేవుడు ఒకడు కాదు, అయినా ఎండాకాలంలో పెళ్లి చేసుకుని ఊరు విడిచారు. ఆ వారంలోనే యోహాను చెయ్యి విరిగింది. విరిచింది ఎవరో అందరికీ తెలుసు, కేసులో మాత్రం ఎవరి పేరూ లేదు. ఉమారాణి అన్న మహేశ్ నడిబజారులో నిలబడి, దొరికిననాడు ఇద్దర్నీ ఒక్కచోటనే పండబెడతానని అన్నాడు. ఒకరిని వదిలి ఒకరిని చంపడం అతనికి పరువు తక్కువట. అన్నమాట మీద నిలబడే మనిషని మహేశ్‌కు ఊళ్లో మంచి పేరు. చెల్లెలికి ఆ పేరే భయం. ఇప్పుడు ఆమెకు ఐదో నెల.

దాక్కోవడంలో ఆ ఇద్దరూ తక్కువ తినలేదు. పాత సిమ్ములు విరిచి వాగులో వేశారు. ప్రదీప్ రెండు ఫోన్లలోంచీ ‘మనోళ్లు’ ఆప్ తీసేశాడు. మనోళ్లు అంటే తెలియనిదెవరికి? పెళ్లి ఫోటోలు, చావు కబుర్లు, అమ్మకానికున్న బర్రెలు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారన్న ముచ్చట్లు, అన్నీ అందులోనే ఉంటాయి. నీ అకౌంట్ ముట్టుకోవద్దు, మీ అన్నకు దాని పాస్‌వర్డ్ తెలుసు అని ప్రదీప్ చెబితే, కడుపు మీద చేయి వేసుకుని ముట్టుకోనని ఉమారాణి మాటిచ్చింది. ఆ మాట తప్పలేదు. తన అకౌంట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మరి మహేశ్ మనుషులు జనగామ దాకా ఎలా వచ్చారు? ఇక్కడ వీళ్లున్నారని తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ప్రదీప్ అక్క కల్పన. మహబూబాబాద్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేస్తుంది. ఈ పెళ్లి ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు. తండ్రి చేతికి కట్టు కట్టించిన రోజు, మీ ప్రేమకు మా నాయిన చెయ్యి పోయింది అని ఫోన్లో మొహమాటం లేకుండా అన్నది. ఆ ఒక్క మాటను ఉమారాణి పట్టుకుంది. నిద్ర పట్టని మనిషి చేతికి ఏది దొరికితే దాన్నే పట్టుకుంటుంది.

అందుకే ఆమె పట్టుబట్టి, ప్రదీప్‌ను ఒప్పించి, కొత్త ఏర్పాటు గురించి కల్పనకు చెప్పనివ్వలేదు. ఏర్పాటు ఏమిటంటే, జనగామ విడిచి మహబూబాబాద్ మారిపోవడం. ప్రదీప్ ఫోన్ పూర్తిగా ఆపేసి పొద్దున్నే రైలెక్కాడు. అక్కడ ఒక గది చూసి, స్టేషన్ అవతలి క్లినిక్ దగ్గర కూర్చుంటాడు. ఉమారాణి మధ్యాహ్నం రైలుకు వస్తుంది. స్కాన్ చేయించుకుని ఇద్దరూ కొత్త గదికి పోతారు. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ నిన్ననే ఉమారాణి ఫోన్లో తీసుకుంది. సొంత అక్క ఉన్న ఊళ్లో, ఆ అక్కకు తెలియకుండా తమ్ముడు దొంగలా తిరగాలి. అనుమానం ఇంత పని చేయించింది.

ఉమారాణి సంచిలో రెండు చీరలు సర్దుతుండగా తలుపు చప్పుడైంది. కిటికీ సందులోంచి చూస్తే కల్పన.

బయట వసారాలో ఇంటామె ఎల్లక్క బతుకమ్మ కోసం గునుగు పూలు రంగునీళ్లలో ముంచి ఆరబెడుతోంది. నీ ఆడిబిడ్డ వచ్చింది, తలుపు తియ్ అని ఆమే గట్టిగా పిలిచింది. ఇక తీయక తప్పలేదు. కల్పన లోపలికి వచ్చి తలుపు తనే వేసింది. ముఖమంతా చెమట. మంచినీళ్లిస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది. ఉమారాణి కదల్లేదు. గడప దాటి వచ్చిన మనిషికి గ్లాసెడు నీళ్లు ఇవ్వలేదంటే మన దగ్గర దాని అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. కల్పన కుండ దగ్గరికి పోయి తనే ముంచుకుని తాగింది.

తమ్ముడెక్కడ అని అడిగింది. పనికి పోయిండు అంది ఉమారాణి, సంచిని కాలితో మంచం కిందికి తోస్తూ.

కల్పన ఏదో చెప్పబోయింది. ఉమారాణి చెప్పనివ్వలేదు.

"ఎవ్వలకు చెప్పినవ్ వదినా?"

"ఏంది నేను చెప్పింది?"

"మేం ఈడున్నమని నీకు తప్ప ఎవ్వలకు ఎర్క లేదు. మా అన్న మనుషులు మిల్లు దాక వచ్చిన్రు. మీ నాయినకు అట్ల చేసిన్రని నీకు కడుపుల మంట ఉంటది, నేను కాదంటలేను. ఆ మంటకు నన్ను తిట్టు, రెండు కొట్టు. గని తోడబుట్టినోని పానం మీదికి తెస్తవా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఈ ఆరు నెలల భయమంతా నోట్లోకి వచ్చింది. కల్పనకు తమ మీద ఎప్పుడూ కన్నే అని, పెళ్లికి రాలేదని, కడుపుతో ఉన్నానని చెప్తే ఒక్క మాట సంతోషంగా అనలేదని, ఎప్పుడెప్పటివో అన్నీ తవ్వి ముందర పోసింది. పోసిన కొద్దీ తన మాటలు తనకే నిజమనిపించాయి. చివరికి మంచం పట్టె మీద కూర్చుంది.

కల్పన నిలబడే అంతా విన్నది. ఆమెకు కోపం వస్తే అరిచే అలవాటు లేదు, ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"అయిపోయిందా? ఇంకేమన్న ఉంటె గిప్పుడే అను. నేను చెప్పేది ఇన్నంక నీకు అనబుద్ది గాదు."

ఉమారాణి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీ అవ్వ ఫోన్ యాడున్నది?" అని అడిగింది కల్పన.

ఆ ప్రశ్నకు ఉమారాణి నిజంగానే తెల్లబోయింది. "మా ఇంట్లనే. అల్మారల ఉంటది. ఎందుకు?"

"దాన్ని ఎవ్వలు చూస్తున్నరు?"

"సచ్చిపోయిన మనిషి ఫోన్ ఎవ్వలు చూస్తరు వదినా."

మీ అన్న చూస్తుండు అంది కల్పన. పెత్తరమాస నాటి నుంచి దినాం పొద్దున లేచి చూస్తుండట.

ఈ సంగతి ఆమెకు చెప్పింది మహేశ్ భార్య విజయ. భూపాలపల్లి కాలేజీలో విజయా కల్పనా ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఈ గొడవలయ్యాక మాటలు ఆగిపోయాయి. ఇవాళ పొద్దున, పశువుల కొట్టంలోకి పోయి, మొగుడికి తెలియకుండా విజయ ఫోన్ చేసింది. ఆడబిడ్డ మీద ప్రేమ పొంగి చేసింది కాదు. హత్య చేసి జైలుకు పోయిన వాడి పెళ్లాంగా బతకడం ఆమెకు ఇష్టం లేదు. కారణం ఏదైతేనేం, చేసింది.

ఉమారాణి తల్లి ఓదెమ్మ పోయిన చలికాలంలో చనిపోయింది. చనిపోయాక ఇదే మొదటి పెత్తరమాస. ఇంటి పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు కదా, పీట వేసి ఓదెమ్మ ఫోటో పెట్టాలి. మహేశ్ పరకాలలో స్టూడియోకు ఇచ్చి పటం కట్టించాడు. స్టూడియో వాడు ఓదెమ్మ ముఖానికి తెల్లరంగు పూసి, మెడలో లేని కాసుల పేరు వేసి, పట్టుచీర కట్టి పంపాడు. తండ్రి పెద్దులు దాన్ని చూసి, ఇది నా పెండ్లాం గాదు, ఎవ్వలో దొరసాని, దీనికి బియ్యం ఇయ్య అని మొండికేశాడు. మరి అసలు ఓదెమ్మ ఎక్కడుంది? ఆమె ఫోన్లో, మనోళ్లులో, బర్రె గౌరి పక్కన నిలబడి నవ్వుతూ దిగిన ఫోటోలో ఉంది. సరే అని ఆ ఫోన్‌కే ఛార్జింగ్ పెట్టి, తెరిచి, పీట మీద బియ్యం కొలిచే తవ్వకు ఆనించి నిలబెట్టారు. పసుపు బొట్టు పెట్టారు. పూలు వేశారు. చుట్టాలంతా చేతులు జోడించారు.

ఓదెమ్మ ఫోటో కింద ఒక ఊయల ప్రకటన వచ్చింది.

దాని కింద గర్భిణీలు తొడుక్కునే వదులు నైటీలు. దాని కింద, జనగామలో కిరాయికి గదులు. పక్కనున్న పిల్లలు నవ్వారు. మహేశ్ కూడా మొదట నవ్వాడు. సచ్చిన మా అవ్వకు ఊయలెవడు అమ్ముతుండ్రా అన్నాడు. ఆ తరువాత అతని నవ్వు ఎలా ఆగిపోయిందో విజయ పక్కనే ఉండి చూసింది. బియ్యం ఇచ్చేటప్పుడు కూడా అతని చూపు ఫోన్ మీదే ఉందట.

ఉమారాణి చేతిలో ఫోన్ ఉంది. ఆమె దాన్ని మెల్లగా మంచం మీద పెట్టింది, కాలుతున్నదేదో పట్టుకున్నట్టు.

ఆ అకౌంట్ చేసింది తనే. తల్లికి చదువు రాదు, ఒక్క అక్షరం రాయలేదు. అందుకే తను హన్మకొండ హాస్టల్లో ఉన్నప్పుడు తల్లి ఫోన్లో మనోళ్లు పెట్టి, పాస్‌వర్డ్‌కు గౌరి పేరు పెట్టి, గొంతు రికార్డు చేసి పంపడం నేర్పింది. ఇక ఓదెమ్మను ఆపినవాళ్లు లేరు. పాలు పితుకుతూ, పత్తి ఏరుతూ, దవాఖానలో డయాలిసిస్ మంచం మీద నుంచి కూడా పంపింది. ప్రదీప్ సంగతి ఇంట్లో ఒక్క ఓదెమ్మకే తెలుసు. వద్దనలేదు. అతన్ని అల్లుడు అని పిలిచిన ప్రాణి ఇన్నాళ్లకూ ఆమె ఒక్కతే.

తల్లి గొంతు వినకుండా ఉమారాణి ఉండలేకపోయింది. దానికి ఎవరు ఏమంటారు? తన అకౌంట్ తెరవనని మొగుడికి మాటిచ్చింది, కాబట్టి తల్లి అకౌంట్ తెరిచింది. ఆప్ కూడా పెట్టుకోలేదు, బ్రౌజర్‌లోనే తెరిచేది. ఒక్క ఫోటో పెట్టలేదు, ఒక్క లైక్ కొట్టలేదు. చడీచప్పుడు లేకుండా చూసి పోతే ఎవరికి తెలుస్తుంది, అందులోనూ చనిపోయిన మనిషి పేరు మీద? ఆమె అనుకున్నది ఇదే. మనమైనా ఇదే అనుకునేవాళ్లం.

"బయటికి వచ్చినప్పుడు లాగౌట్ కొట్టినవా?" అని అడిగింది కల్పన.

కొట్టలేదు. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టడం ఎందుకని అలాగే ఉంచింది.

కల్పన ఆమె పక్కన కూర్చుని ఫోన్ తీసుకుంది. తిట్టలేదు. తన సెంటర్‌కు వచ్చే పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. అకౌంట్ తెరిచి ఉన్న బ్రౌజర్‌తో ఏ పేజీకి పోయినా, ఆ పేజీలో మనోళ్లు వాళ్ల బొత్తాం ఉంటే చాలు, ఓదెమ్మ వచ్చింది, ఇది చూసింది అని వాళ్లకు తెలిసిపోతుంది. బొత్తాం నొక్కక్కర్లేదు. "పసుపు చేతులతోని ఇల్లంత ముట్టుకుంట తిరిగినట్టు. నువ్వు ఎటు పోయినవో గోడలే చెప్తయ్." వేరే పేజీలు చూడాలంటే వేరే బ్రౌజర్‌లో చూడాలట. లేదంటే పని కాగానే లాగౌట్ కొట్టి, కుకీలు, అంటే ఆ బ్రౌజర్ దాచుకున్న గుర్తులు, తుడిచెయ్యాలట. లొకేషన్ అడిగితే వద్దని నొక్కాలట. ఇవన్నీ ఎవరికీ ఎవరూ చెప్పరు. ఫోన్ అమ్మేవాడు అసలే చెప్పడు.

సెట్టింగుల లోపల, మరీ లోపల, ‘బయట మీరు చూసినవి’ అని ఒక చోటు ఉంది. కల్పన అది తెరిచింది. ఉమారాణి ఈ నెలల్లో ఏ బాధతో ఏం వెతికిందో అంతా అక్కడుంది. ఒంట్లో రక్తం తక్కువైతే ఏం తినాలి. ఐదో నెలలో కడుపు ఎందుకు గట్టిపడుతుంది. తల్లి లేని బిడ్డకు పురుడు ఎవరు పోస్తారు. ఇంటివాళ్ల నుంచి ప్రాణభయం ఉంటే రక్షణ ఎవరిని అడగాలి. ఇదంతా అవ్వ ఫోన్లో కూడా కనబడుతుందా అని అడిగితే, కల్పన అవునన్నట్టు తలూపింది.

ఉమారాణికి మొదట వచ్చింది భయం కూడా కాదు, సిగ్గు. మొగుడికి కూడా చెప్పని భయాలు అవి. అన్న రోజూ పొద్దున చాయ్ తాగుతూ వాటిని చదివాడు. చెల్లెలి ఒంట్లో రక్తం తక్కువుందని చదివాడు, తల్లి కోసం ఏడుస్తోందని చదివాడు, తనంటే వణుకుతోందని చదివాడు. చదివి కూడా మనసు మారలేదు. తోడబుట్టినవాడి మీద ఎక్కడో మిగిలిన కాస్త ఆశ ఆమెకు ఆ నిమిషంలోనే పోయింది.

"నిన్ను అన్నన్ని మాటలు అన్న వదినా," అంది.

"అవి తర్వాత మాట్లాడుకుందాం. జల్ది సంచి సదురు. విజయ చెప్పిన అసలు ముచ్చట ఇంకోటున్నది. ఇన్ని దినాలు అల్మారల నుంచి కదలని ఫోన్ను పొద్దుగాల జేబులేసుకొని పోయిండట మీ అన్న. ఇంకొకన్ని ఎంబడి తీస్కొని. ఈ జనగామకే వస్తుండని నేను ఉరికొచ్చిన. నిన్ను, తమ్ముని తీస్కొని ఇప్పుడే మానుకోటకు పోదాం. మా ఇంట్ల ఉందురు."

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. ఆ మాట వినగానే ఉమారాణి లేచి నిలబడింది. మిల్లుకు పోయాడని తను చెప్పిన అబద్ధం అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయన మిల్లుకు పోలే," అంది. "మానుకోటకే పోయిండు."

కల్పనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా ఊరికి వచ్చి నాకు చెప్పలేదా అని అడగబోయి, ఎందుకు చెప్పలేదో తనకే తెలిసి, ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఉమారాణికి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. క్లినిక్ సంగతి, గది సంగతి తడబడుతూ చెప్పేసింది.

"అపాయింట్‌మెంట్ ఎవ్వల పేరు మీద తీసుకున్నవ్?"

అక్కడ ఉమారాణి తెలివి చూపించింది. నిజమే, తెలివే అనుకుంది. క్లినిక్ పేజీలో పేరు, నంబరు, ఊరు అడిగారు. తన పేరు ఇస్తే ప్రమాదం అనుకుంది. అవేవీ ఇవ్వకుండా పని కావడానికి కింద ఒక బొత్తాం కనిపించింది. మనోళ్లుతో కొనసాగండి అని ఉంది. నొక్కింది. పేరు దానంతట అదే పడింది. తన పేరు ఎక్కడా లేకుండా పని అయిపోయిందని ప్రాణం హాయిగా అనిపించింది కూడా.

కల్పన నోటిఫికేషన్లు తెరిచింది. అన్నిటికంటే పైన క్లినిక్ నుంచి వచ్చింది ఉంది. ఓదెమ్మ గారూ, మీ స్కానింగ్ ఈ రోజు మధ్యాహ్నం అని ఉంది. కింద క్లినిక్ చిరునామా, దారి చూపించే మ్యాపు. దాన్ని అప్పటికే ఎవరో తెరిచి చదివేశారు. చదివినవాటికి రంగు వెలిసిపోతుంది కదా, అలా వెలిసి ఉంది. ఉమారాణి దాన్ని ఇంతవరకూ తెరవలేదు.

మహేశ్ జనగామకు రావడం లేదు.

కల్పన తమ్ముడి నంబరుకు చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ చేసింది. ఫోనే మనల్ని పట్టిస్తుంది అని పొద్దున ప్రదీప్ అంటూ దాన్ని ఆపి జేబులో వేసుకోవడం ఉమారాణి కళ్లముందు కదిలింది. అతను అన్నది అక్షరాలా నిజం. పట్టించింది అతని ఫోన్ కాదు, అంతే తేడా. ఇప్పుడు ఆ జాగ్రత్తే అతనికీ వీళ్లకీ మధ్య గోడలా నిలబడింది.

ఇక క్లినిక్‌కే చేశారు. చాలాసేపు మోగాక ఒక అమ్మాయి ఎత్తింది. వెనక పిల్లల ఏడుపులు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఓదెమ్మ పేరు మీద స్కాన్ ఉంది, మా మనిషి అక్కడ కూర్చుని ఉంటాడు, నీలం చొక్కా, ఒక్కసారి ఫోన్ ఇస్తారా అని కల్పన వీలైనంత మామూలుగా అడిగింది.

"ఓదెమ్మనా? ఆ, ఉన్నది. వాళ్ల కొడుకు వచ్చిండు గద. ఇప్పుడే పేరు అడిగి బయట కూసున్నడు. పేషెంట్ను జల్ది తీస్కొని రాండ్రి, మేడమ్ ఎల్లిపోతది."

పేషెంట్లు ఉన్నారని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఉమారాణి గోడకు ఆనుకుని నిలబడింది. అపాయింట్‌మెంట్ ఎవరి పేరు మీద ఉందో ప్రదీప్‌కు తెలియదు, తను చెప్పలేదు. తల్లి అకౌంట్ సంగతి తెలిస్తే కోప్పడతాడని దాచింది. ఆ క్లినిక్‌లో ఓదెమ్మ పేరు అడగగలిగిన మనిషి ఒక్కడే. ఓదెమ్మకు కొడుకు కూడా ఒక్కడే.

ఇద్దరూ ఒకే వసారాలో, ఒకే వరసలో కూర్చుని ఉండొచ్చు. ప్రదీప్ మహేశ్‌ను ఎన్నడూ దగ్గరగా చూడలేదు. కండువా చుట్టుకుని పక్కన కూర్చుంటే గుర్తుపట్టలేడు.

"పోలీసులకు, నూరుకు చేస్త," అంది కల్పన. గదిలో సిగ్నల్ సరిగా లేదు. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది. "నేను మాట్లాడే లోపట నువ్వు గందుల నుంచి బయటికి రా. లాగౌట్ కొట్టు. మల్ల ఎన్నడు దాంట్లకు పోకు. అది తెరిచి ఉన్నంతసేపు నువ్వు మీ అన్న కండ్ల ముంగట ఉన్నట్టే."

ఆమె వసారాలోకి పోయింది. ఎల్లక్క ఏమైందని అడగడం, కల్పన ఎవరికో తన పేరు, ఊరు చెప్పుకోవడం లోపలికి వినబడుతున్నాయి.

ఉమారాణి ఫోన్ చేతిలోకి తీసుకుంది. లాగౌట్ బొత్తాం కనబడుతూనే ఉంది. నొక్కితే తల్లి గొంతు పోతుంది. ఇప్పుడు దాని కోసం ఆగే సమయమా అంటే కాదు. ఆమెకూ తెలుసు. కానీ తల్లిని రెండోసారి సాగనంపే మనిషికి చివరిసారి ముఖం చూడాలని ఉంటుంది. వేలు దానంతట అదే పక్కకు పోయి, తల్లి తనకు పంపిన మాటలున్న చోటు తెరిచింది. ఆఖరున ఉన్నది నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. దవాఖాన మంచం మీద నుంచి, ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ పంపింది అది.

"బిడ్డా, తిన్నవా? అల్లుడు తిన్నడా? ఆ పిలగాన్ని ఒక్కన్ని ఇడిసిపెట్టకు, మంచోడు. నువ్వెప్పుడొస్తవ్ బిడ్డా?"

మాట అయిపోయింది. ఉమారాణి కళ్లు తుడుచుకుని, ఫోన్ దించి, లాగౌట్ కోసం వెనక్కి పోబోయింది. పోయిన చలికాలం నుంచి దాని కింద ఏమీ లేదు. ఎప్పుడూ ఖాళీయే.

ఇప్పుడు ఖాళీగా లేదు. ఆమె చూస్తుండగానే అక్కడొక ఫోటో వచ్చి పడింది. ఓదెమ్మ పేరు మీద, ఓదెమ్మ నవ్వుతున్న చిన్న బొమ్మ పక్కన.

క్లినిక్ వసారా. గోడ వెంట ఇనుప కుర్చీలు. వాటిలో ఒకదాని మీద, వెనక నుంచి తీసినట్టు, నీలం చొక్కా. మెడ మీద వెంట్రుకలు కత్తిరించింది నిన్న తనే. పక్కన నేల మీద పండ్ల సంచి ఉంది. నిన్నటి నుంచి జామపండు తినాలనిపిస్తోందని తను అన్న మాట అతను మరిచిపోలేదు. తల వంచుకుని రైలు వచ్చే వేళ కోసం ఎదురుచూస్తున్న మనిషిలా తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఫోటో తీసిన మనిషి అతని వీపుకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాడు.

బయట కల్పన క్లినిక్ పేరు రెండోసారి చెబుతోంది. ఉమారాణి ఆమెను పిలుద్దామనుకుంది. తలుపు వైపు ఒక అడుగు వేసింది.

ఫోటో కింద అక్షరాలు వచ్చాయి. జీవితంలో ఒక్క అక్షరం రాయని ఓదెమ్మ పేరు మీద వచ్చాయి.

"అల్లుడు ఒక్కడే కూసున్నడు. నువ్వెప్పుడొస్తవ్ బిడ్డా?"